పాలకొల్లు నిమ్మల రామానాయుడు: సైకిలా, పొత్తా, పనా?

కొబ్బరితోట
పాలకొల్లు గురించి ఈ ఫోరంలో ఎప్పుడు మాట వచ్చినా రెండు పోస్టులు తిరిగేసరికి సినిమావాళ్ల మీదకు పోతుంది. అందుకే ఈ చర్చ విడిగా పెడుతున్నాను. ఎమ్మెల్యే నిమ్మల రామానాయుడు గారి గురించి, ఆయన ఎన్నికల గురించి మాత్రమే మాట్లాడుకుందాం.

2004లో ఇక్కడ తెలుగుదేశం తరఫున డాక్టర్ బాబ్జీ గెలిచారు. 2009లో కాంగ్రెస్ నుంచి బంగారు ఉషారాణి. 2014లో మళ్లీ తెలుగుదేశం, ఈసారి నిమ్మల. వరసగా మూడు ఎన్నికల్లో మూడు మొహాలు చూసిన సీటు ఇది. అలాంటి చోట 2014, 2019, 2024 మూడూ ఒకే మనిషి గెలిచాడు. మెజారిటీ ఆరు వేల పైచిలుకుతో మొదలై 17,809 అయింది, ఆపైన 67,945 అయింది.

ఇది మనిషి గెలుపా, గాలి గెలుపా? పాలకొల్లు, యలమంచిలి వాళ్లు చెబితే బాగుంటుంది. హైదరాబాదులో కూర్చుని యూట్యూబ్ చూసి చెప్పేవాళ్లు కాస్త ఆగండి.

హైటెక్ నరసాపురం
మొదటి పోస్టులోనే మమ్మల్ని వెలేశారు. సరే, టీ తాగుతూ చదువుతాం.

వశిష్ట గట్టు
సినిమావాళ్లు వద్దన్నారు గానీ, 2009 చెప్పకుండా 2014 అర్థం కాదండీ.

ప్రజారాజ్యం పెట్టాక చిరంజీవి గారు రెండు చోట్ల నిలబడ్డారు, తిరుపతి, పాలకొల్లు. పాలకొల్లు ఎందుకంటే అత్తవారి ఊరు, అల్లు రామలింగయ్య గారి ఊరు. సొంతూరు మొగల్తూరు పక్కనే, నరసాపురం నియోజకవర్గంలో. ఆయన సభలకు పాలకొల్లులో ఇసుక వేస్తే రాలనంత జనం. కులం లెక్క చూసుకున్నా, అభిమానం లెక్క చూసుకున్నా తిరుగులేదన్నారు. తీరా పెట్టెలు తెరిస్తే ఉషారాణి గారు 5,446 ఓట్ల తేడాతో గెలిచారు. తిరుపతి ఆదుకుంది కాబట్టి ఆయన అసెంబ్లీకి వెళ్లారు.

ఆ ఎన్నికల్లో మా వీధి అరుగుల మీద జరిగిన చర్చ అంతా ఒకటే. "గెలిచాక కాలువలో నీళ్లు రాకపోతే ఎవరింటికి వెళ్లి తలుపు కొట్టాలి?" ఉషారాణి గారి ఇల్లు అందరికీ తెలుసు. అక్కడే తేలిపోయింది. నిమ్మల గారు ఆ ఎన్నిక నుంచి నేర్చుకున్నది ఇదేనని నేననుకుంటాను. మన తలుపు కొట్టించుకోవడం కాదు, మనమే పోయి వాళ్ల తలుపు కొట్టాలి.

గోస్తనీ
వశిష్ట గట్టు గారూ, ఆడవాళ్ల సంగతి కూడా చెప్పండి. 2009లో మా ఇంట్లో మగవాళ్లంతా సభలకు వెళ్లారు. మా అమ్మ, పిన్ని, పెద్దమ్మ ఎవరూ వెళ్లలేదు, వాళ్లింటికి ఉషారాణి గారే వచ్చారు. ఇంట్లో ఓట్లు ఎటు పడ్డాయో నేను చెప్పక్కర్లేదు.

యలమంచిలి కుర్రాడు
అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి నేను వేరే రాగం తీస్తాను.

పొద్దున్నే సైకిలెక్కడం, వార్డులో తిరగడం, వెనకాల కెమెరా. ఎమ్మెల్యేగా ఉన్నప్పుడూ అదే, మంత్రి అయ్యాకా అదే. పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించే టిడ్కో ఇళ్ల కోసం అమరావతి దాకా సైకిల్ యాత్ర. శ్మశానంలో పడుకోవడం. ఇదంతా ఫోటోల రాజకీయం కాదా? ఆయన పార్టీ గుర్తే సైకిల్. రోజూ పొద్దున్న ఉచితంగా గుర్తు ప్రచారం జరిగిపోతోంది. తెలివైన పనే, కాదనను. కానీ దాన్ని సేవ అనకండి.

గోస్తనీ
> శ్మశానంలో పడుకోవడం

తమ్ముడూ, దీన్ని మాత్రం అలా తీసిపారేయకు. అది 2018 జూన్. పాలకొల్లు హిందూ శ్మశానవాటిక బాగుచేయడానికి డబ్బు మంజూరై చాలాకాలమైంది. పని నడవడం లేదు. కూలీలు భయపడి వెళ్లిపోతున్నారు. ఈయన మడతమంచం తెప్పించుకుని రాత్రి అక్కడే భోంచేసి అక్కడే పడుకున్నారు. తెల్లారాక దెయ్యాల మాట లేదు, దోమలే కుట్టి చంపాయన్నట్టు చెప్పారని పేపర్లలో వచ్చింది. ఢిల్లీ పేపర్లు, విదేశీ వార్తా సంస్థలు కూడా వేశాయి. తర్వాత కూలీలు పనిలోకి వచ్చారు.

ఫోటో కోసమే అనుకో. ఆ ఫోటో వల్ల ఆగిపోయిన పని కదిలిందా లేదా? మా నాన్నగారిని 2021లో అక్కడికే తీసుకెళ్లాం. ఆ రోజు నీడ, నీళ్లు, కూర్చోడానికి చోటు ఉన్నాయి. అంతకు ముందు మా తాతయ్యప్పుడు వర్షంలో గొడుగులు పట్టుకుని నిలబడ్డాం.

యలమంచిలి కుర్రాడు
అక్కా, ఆ పని మంచిదే. నేను అంటున్నది వేరే. శ్మశానం బాగుచేయడానికి ఎమ్మెల్యే అక్కడ పడుకోవాల్సిన పరిస్థితి ఎందుకు వచ్చింది? మున్సిపాలిటీకి ఇంజనీర్లు ఉన్నారు, కాంట్రాక్టరు ఉన్నాడు.

లెక్కల మాస్టారు
మాటలు చాలు, ఇప్పుడు అంకెలు చూద్దాం.

2014: నిమ్మలకు ప్రధాన ప్రత్యర్థి వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి మేకా శేషుబాబు. అప్పటి ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలో 15 సీట్లుంటే 15కి 15 తెలుగుదేశం, బీజేపీ కూటమికే వచ్చాయి. రైతు రుణమాఫీ హామీ, విభజన కోపం, పవన్ కళ్యాణ్ మద్దతు అన్నీ ఒకేవైపు. ఆ ఏడాది పాలకొల్లులో ఆరు వేల చిల్లర మెజారిటీ అంటే పెద్ద గొప్ప కాదు. అది కచ్చితంగా గాలి గెలుపే.

2019: ఇదే అసలు పరీక్ష. అదే జిల్లాలో 15కి 13 వైఎస్సార్ కాంగ్రెస్ తీసుకుపోయింది. తెలుగుదేశానికి మిగిలినవి రెండే, పాలకొల్లు, ఉండి. రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి వచ్చినవే 23. నిమ్మలకు 67,549, వైఎస్సార్ కాంగ్రెస్‌కు వెళ్లి పోటీ చేసిన డాక్టర్ బాబ్జీకి 49,740. జనసేన అభ్యర్థికి 33 వేలకు దగ్గరగా.

ఇప్పుడు పక్కనే భీమవరం చూడండి. అక్కడా ముక్కోణపు పోటీయే. పవన్ కళ్యాణ్ స్వయంగా నిలబడి 8,357 ఓట్ల తేడాతో గ్రంధి శ్రీనివాస్ చేతిలో ఓడిపోయారు. అక్కడ తెలుగుదేశం అభ్యర్థి పులపర్తి రామాంజనేయులుకు యాభై వేల పైనే వచ్చాయి. ఓట్లు చీలి మధ్యలో వైఎస్సార్ కాంగ్రెస్ బయటపడింది. పాలకొల్లులో కూడా ఓట్లు చీలాయి, కానీ చీలిక నిమ్మలను ముంచలేదు. ముంచకపోగా 17,809 మిగిలింది. ఒకే గాలి, ఒకే రకం పోటీ, ఇరవై కిలోమీటర్ల దూరంలో రెండు వేరు ఫలితాలు. ఆ తేడా మనిషిదే అనడానికి నాకు అభ్యంతరం లేదు.

2024: నిమ్మలకు 1,13,114. గుడాల శ్రీహరి గోపాలరావుకు 45,169. తేడా 67,945. ఇక్కడ తొందరపడకండి. 2019లో తెలుగుదేశం, జనసేన ఓట్లు కలిపితేనే లక్ష దాటాయి. కాబట్టి 2024లో పెద్ద మెజారిటీలో సింహభాగం పొత్తు పెట్టిన ఓటు. పొత్తు లెక్క తీసేస్తే ఆయన అదనంగా తెచ్చుకున్నది పన్నెండు వేల చిల్లర. అవతలి పార్టీ ఓటు తగ్గింది నాలుగున్నర వేలు. 67 వేలని ఫ్లెక్సీలు వేసుకోవచ్చు గానీ, నన్నడిగితే 2019లో వచ్చిన 17 వేలే గొప్ప.

హైటెక్ నరసాపురం
మాస్టారూ, నమస్కారం. చిన్న సవరణ ప్రతిపాదన. 2024లో పొత్తు వల్ల ఓట్లు కూడిక అయ్యాయనడం తేలిక, కానీ పొత్తులో ఓటు బదిలీ కావడం అంత తేలిక కాదు. 2019లో జనసేనకు వేసినవాడు 2024లో సైకిలుకు వేయాలంటే అభ్యర్థి మీద కోపం ఉండకూడదు. పాలకొల్లులో ఆ కోపం లేదు. అది కూడా ఆయన ఖాతాలోనే వెయ్యాలి.

లెక్కల మాస్టారు
వేస్తాను, కానీ సగమే. 2024లో ఉమ్మడి జిల్లా 15 సీట్లూ కూటమికే వచ్చాయి. ఓటు బదిలీ అన్నిచోట్లా అయింది.

దాళ్వా రైతు
మీరు ఓట్లు కూడుతున్నారు, నేను నీళ్లు కూడతాను.

మన దగ్గర ఎమ్మెల్యే ఏ పార్టీ అన్నది సార్వా (ఖరీఫ్ వరి) వేసేదాకా గుర్తుంటుంది. తర్వాత గుర్తుండేది రెండే. దాళ్వాకు (రబీ వరికి) ఆఖరి ఎకరం దాకా నీళ్లు వచ్చాయా? సార్వా కోతలప్పుడు వాన పడితే చేలో నీళ్లు రెండు రోజుల్లో దిగాయా? ధవళేశ్వరం నుంచి నీళ్లు ఎలాగో వస్తాయి, కాటన్ దొర పుణ్యం. డెల్టా మొత్తం పది లక్షల ఎకరాలు ఆ నీటి మీదే ఉంది. చిక్కంతా నీళ్లు పోవడంలోనే. నేల బల్లపరుపు, సముద్రం పోటు మీదుంటే డ్రైనులో నీరు వెనక్కి తంతుంది, దానికి తోడు గుర్రపుడెక్క, పూడిక, గట్లు తొలిచి చేసుకున్న కట్టడాలు. పైగా రొయ్యల చెరువుల నీళ్లు కూడా అదే డ్రైనులోకి. నక్కల డ్రైను, కాజ డ్రైను పక్కన పొలం ఉన్నవాడికి ఇది కొత్త కాదు.

2011లో కోనసీమలో రైతులు క్రాప్ హాలిడే అని సార్వా మానేశారు. ధర, కూలి, మురుగు మూడూ కలిసి మెడకు చుట్టుకుంటే ఏమవుతుందో అది. గోదావరికి ఇటువైపు మాకు కూడా ఆ ఆలోచన వచ్చింది.

నిమ్మల గారు ప్రతిపక్షంలో ఉన్న అయిదేళ్లూ డ్రైన్ల పూడిక గురించి గట్టిగా మాట్లాడారు, అసెంబ్లీలో సస్పెండ్ కూడా అయ్యారు. ఇప్పుడు ఆయనే జలవనరుల మంత్రి. 2024 జూన్ నుంచి ఆ శాఖ ఆయన చేతిలోనే ఉంది. ఇక ఎవరినీ అడగక్కర్లేదు. నా ఓటు 2029లో డ్రైను చూసి పడుతుంది, సైకిలు చూసి కాదు.

వశిష్ట గట్టు
> ఇప్పుడు ఆయనే జలవనరుల మంత్రి

ఇదే ఆయనకు పెద్ద ఇరకాటం అవుతుంది చూడండి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు కాలువ గట్టు మీద నిలబడి ప్రశ్నిస్తే చాలు. ఇప్పుడు పోలవరం ఉంది, వెలిగొండ ఉంది, ఉత్తరాంధ్ర, రాయలసీమ ఉన్నాయి. పాలకొల్లు డ్రైను మీద సంతకం పెట్టడానికి తీరిక దొరకాలి.

అయితే మనిషి తీరు మారలేదు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో విజయవాడ మునిగినప్పుడు బుడమేరు వాగుకు మూడు గండ్లు పడ్డాయి. ఆయన ఆ గట్టు మీదే రాత్రింబవళ్లు వానలో ఉండి పూడ్పించారు. ఆఖరి గండి దగ్గర సైన్యం కూడా చెయ్యేసింది. మంత్రులు హెలికాప్టర్‌లో చూసి వెళ్లే రోజుల్లో అది కంటికి ఆనింది.

యలమంచిలి కుర్రాడు
అక్కడా కెమెరా ఉంది కదా బాబాయ్.

వశిష్ట గట్టు
కెమెరా ఉంటే గండి పూడకుండా పోతుందా అబ్బాయ్?

పర్యవేక్షకుడు
ఇద్దరూ కెమెరా దగ్గరే ఆగిపోయారు. ముందుకు వెళ్లండి. కులం పేరెత్తి వచ్చిన రెండు పోస్టులు తీసేశాను, ఎవరివో వాళ్లకు తెలుసు.

పేపరు ఏజెంటు
ఎన్నికల్లో నేను రెండుసార్లు బూత్ ఏజెంటుగా కూర్చున్నాను, ఏ పార్టీకో చెప్పను. మీరెవ్వరూ మాట్లాడని సంగతి ఒకటి చెబుతాను.

ఎమ్మెల్యే అభ్యర్థి ఖర్చు పరిమితిని ఎన్నికల సంఘం 2022లో మన రాష్ట్రానికి 40 లక్షలు చేసింది. అంతకు ముందు చాలాకాలం 28 లక్షలు. ఈ కాగితం మీది లెక్కకూ వీధిలో జరిగేదానికీ ఎంత దూరమో డెల్టాలో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. కవరు అన్ని పార్టీలవాళ్లదీ వస్తుంది. మా బూత్‌లో అందరూ అందరి దగ్గరా తీసుకుంటారు, ఓటు మాత్రం తాము అనుకున్నవాడికే వేస్తారు. కాబట్టి డబ్బు లెక్క చివరకు చెల్లుకు చెల్లు. మిగిలేది ఏమిటి? ఆఖరి రెండు రోజుల్లో ఓటరు స్లిప్పు పట్టుకుని ఇంటికి వచ్చేవాడు ఎవరు, ముసలాయన్ని బూత్ దాకా ఆటో ఎక్కించేవాడు ఎవరు, హైదరాబాదు, బెంగళూరు నుంచి పిల్లల్ని రప్పించేవాడు ఎవరు.

నిమ్మల గారి బలం అక్కడ. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక ఆయన కొత్తగా ఎవరినీ పరిచయం చేసుకోనక్కర్లేదు. వార్డులో ఎవరికి పింఛను ఆగింది, ఎవరింటి ముందు డ్రైనేజీ పొంగింది అన్నది సైకిల్ మీద తిరిగినవాడికి ముందే తెలుస్తుంది. ప్రత్యర్థి అదంతా నలభై రోజుల్లో నేర్చుకోవాలి. కుర్రాడు గారు ఫోటో అంటున్నారు, నేను దాన్ని అయిదేళ్ల ప్రచారం అంటాను. చట్టప్రకారం దానికి పరిమితి కూడా లేదు!

యలమంచిలి కుర్రాడు
ఏజెంటు గారూ, ఇది సరైన మాట. నేను ఒప్పుకోని మాట "సేవ" అన్నదే. ప్రచారం అంటే నాకేం గొడవ లేదు.

కొబ్బరితోట
గోదావరిలోని లంక ఊళ్ల సంగతి ఎవరూ రాయలేదు. యలమంచిలి మండలంలో కనకాయలంక, పెదలంక, దొడ్డిపట్ల వైపు వాళ్లు ఎవరైనా ఉన్నారా?

కనకాయలంక కాజ్‌వే
ఉన్నాం. ఫోను చార్జింగ్ ఉన్నప్పుడు ఉంటాం.

గోదావరి పొంగితే మా కాజ్‌వే (నేలబారు వంతెన) మీద నీళ్లు వస్తాయి. ఆపైన పడవే. బళ్లు, పాలు, స్కూలు పిల్లలు, పురుటి నొప్పులు అన్నీ పడవ మీదే. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఇళ్లలోకే వచ్చేసింది. పెద్దవాళ్లు 2006 వరద తర్వాత అంత చూశాం అన్నారు. ఆ రోజుల్లో నిమ్మల గారు ప్రతిపక్ష ఎమ్మెల్యే. పడవ మీద వచ్చారు, కూరగాయలు, పాల ప్యాకెట్లు ఇచ్చారు. అధికార పార్టీ వాళ్లూ వచ్చారు, అబద్ధం చెప్పకూడదు. కానీ ఎవరు మళ్లీ వచ్చారు అన్నది మేం గుర్తుపెట్టుకుంటాం.

మాకు కావలసింది ఎత్తయిన వంతెన. పాలు, కూరగాయలు ఇచ్చినందుకు దండం పెడతాం, ఓటు మాత్రం వంతెన అడుగుతుంది. ఇప్పుడు ఆయన ప్రభుత్వంలో మంత్రి. వరదకట్టలు కూడా ఆయన శాఖే. మళ్లీ పడవ మీద పాల ప్యాకెట్లతో వస్తే మాత్రం ఈసారి ఊళ్లో వాళ్లు వేరే ప్రశ్న అడుగుతారు.

దాళ్వా రైతు
లంక తమ్ముడు చెప్పింది నేను పైన చెప్పిందే. నాది డ్రైను, అతనిది వంతెన.

ఇంకో సంగతి. 2024 డిసెంబరులో సాగునీటి సంఘాల ఎన్నికలు పెట్టారు. 1997 చట్టం కింద వచ్చిన సంఘాలు ఇవి, మధ్యలో చాలాకాలం ఎన్నికలే లేవు. ఇప్పుడు పెట్టినందుకు సంతోషమే. కానీ చాలాచోట్ల ఏకగ్రీవం అనిపించారు. ఏకగ్రీవం అంటే ఊళ్లో అందరూ ఒప్పుకున్నారని కొందరు, పోటీకి ఎవరినీ రానివ్వలేదని కొందరు. మా పంటకాలువ ఛానల్‌లో మాత్రం వేసవిలో కాలువ కట్టేశాక పూడిక ఎంత తీశారో కొలిచి చూసేవాడు దొరికాడు. అంతవరకు మేలు.

హైటెక్ నరసాపురం
ఒక సందేహం. నిమ్మల గారు డాక్టరేట్ ఉన్న మనిషి, పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది. అయినా ప్రచారంలో దాన్ని ఎక్కడా పెద్దగా వాడరు. సైకిలు, లుంగీ, తలపాగా తప్ప. ఎందుకంటారు?

పేపరు ఏజెంటు
పాలకొల్లులో 2004లో గెలిచిన డాక్టరు నిజం డాక్టరు, నాడి పట్టుకునే డాక్టరు. ఆ ఊళ్లో పీహెచ్‌డీ డాక్టరు అని చెప్పుకుంటే "అయితే జ్వరానికి ఏం రాస్తారు" అంటారండీ. ఆయ్, అక్కడ నోరు తిరిగినవాళ్లు ఎక్కువ.

గోస్తనీ
నాకు మిగిలిన అనుమానం ఆయన గురించి కాదు, పార్టీ గురించి. 2019లో ఓడిపోయిన పార్టీలో గెలిచిన కొద్దిమందిలో ఒకరు కాబట్టి తెలుగుదేశం శాసనసభా పక్షంలో ఉపనేత పదవి వచ్చింది, సభలో మాట్లాడే అవకాశం వచ్చింది, రాష్ట్రమంతా తెలిసిన పేరు అయింది. పార్టీ 2019లో కూడా గెలిచి ఉంటే ఈయన ఇంకో వందమంది ఎమ్మెల్యేలలో ఒకరుగా ఉండిపోయేవారు, మంత్రి పదవి కూడా అనుమానమే. ఒకవిధంగా ఆయన ఎదుగుదలకు పార్టీ ఓటమే పనికొచ్చింది. ఇది ఎవరూ ఒప్పుకోరు గానీ.

లెక్కల మాస్టారు
గోస్తనీ గారూ, ఈ చర్చలో నాకు బాగా నచ్చిన పోస్టు ఇది. దీనికి ఉండి కూడా ఉదాహరణే. 2019లో అక్కడ తెలుగుదేశం నుంచి గెలిచిన మంతెన రామరాజుకు 2024లో టికెట్ పోయి రఘురామకృష్ణరాజుకు వెళ్లింది. అంటే గాలికి ఎదురు నిలిచి గెలిచినంత మాత్రాన సీటు ఖాయం కాదు. నిమ్మలను కదపాలని మాత్రం ఎవరూ అనుకోలేదు. అక్కడ తేడా ఏమిటో ఎవరైనా రాయాలి.

యలమంచిలి కుర్రాడు
మాస్టారూ, లంక ఊళ్ల బూత్‌లలో ఎవరికెంత వచ్చిందో తీయగలరా? 2014, 2019, 2024 మూడూ పక్కపక్కన పెడితే నా వాదన నిలబడుతుందో లేదో తేలిపోతుంది. వరద వచ్చిన ఊళ్లలో ఓటు పెరిగిందా, టౌనులో సైకిల్ తిరిగిన వార్డుల్లో పెరిగిందా?

లెక్కల మాస్టారు
ఫారం 20లో బూత్‌లవారీ లెక్క ఉంటుంది, ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. చిక్కేమిటంటే బూత్‌ల నంబర్లు ఎన్నిక ఎన్నికకూ మారతాయి, కొత్త బూత్‌లు చీలుస్తారు. 2014 నాటి బూత్‌ల జాబితా ఊరి పేర్లతో ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి.

పేపరు ఏజెంటు
నా దగ్గర ఉంది. కాగితాలే, ఫోటోలు తీసి పెడతాను. దొడ్డిపట్ల వైపు పేజీ ఒకటి చినిగింది, అది ఇంకెవరైనా చూడాలి.

కనకాయలంక కాజ్‌వే
దొడ్డిపట్లలో మా బావ ఉన్నాడు, అతన్ని అడుగుతాను. మాస్టారూ, తీసేటప్పుడు పెదలంక వేరుగా, మాది వేరుగా తీయండి. రెండూ కలిపేస్తారు అందరూ.